ఎండిపోయిన ఫెవికాల్ డబ్బాలో పెన్‌డ్రైవ్: నా అనుభవం

ఇంట్లో దొంగలు పడితే బంగారంతో పాటు లాప్‌టాప్ కూడా పోతుంది. పట్టుకెళ్లినవాడికి అది దొరికిన ధరకి అమ్మేసే వస్తువు. లోపల ఏముందో వాడికి అక్కర్లేదు. మనకి కావలసింది ఆ లోపలున్నదే. మా పెదనాన్నగారి అబ్బాయి ఇంట్లో ఇదే జరిగింది. సంక్రాంతికి అందరూ ఊరెళ్లినప్పుడు తాళం పగలగొట్టారు. బీరువాలో ఉన్న నగలు, లాప్‌టాప్, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్, టేబుల్ సొరుగులో ఉన్న పెన్‌డ్రైవులు అన్నీ సంచిలో వేసుకుని పోయారు. బంగారంలో కొంత తర్వాత దొరికింది. పిల్లల చిన్నప్పటి ఫొటోలు, వదిన వాళ్ల నాన్నగారి షష్టిపూర్తి వీడియో మాత్రం ఇక రాలేదు. అన్నయ్య బ్యాకప్ తీసుకోక కాదు. శ్రద్ధగానే తీసుకున్నాడు. కానీ అసలు, నకలు రెండూ ఒకే బీరువాలో ఉన్నాయి.

అది విన్న దగ్గర్నుంచీ నాకు ఒకటే టెన్షన్. మా నాన్నగారి ఆఖరి రోజుల్లో సాయంత్రాలు పక్కన కూర్చుని ఆయన చేత మాట్లాడించి ఫోన్‌లో రికార్డు చేశాను. తాతగారు కాలవ కింద పొలం ఎలా కొన్నారు, 1996 నవంబరు తుపానులో కోనసీమలో కొబ్బరితోటలు నేలకూలిన రాత్రి ఇంటిల్లిపాదీ ఏ గదిలో తలదాచుకున్నారు, ఇలాంటివి ఆయన గొంతులోనే ఉన్నాయి. ఆ గొంతు ఇంకెక్కడా దొరకదు. వాటితో పాటు పొలం లింక్ డాక్యుమెంట్లు, పాత ఈసీలు, పాసుపుస్తకం స్కాన్లు, అమ్మ వైద్యం కాగితాలు, పెళ్లిళ్ల వీడియోలు ఉన్నాయి. ఆధార్, పాన్ లాంటివి డిజిలాకర్‌లో ఎలాగూ ఉంటాయి కాబట్టి వాటి గురించి బెంగ లేదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఈ వీడియోలు పట్టవు. నెలనెలా డబ్బు కట్టి పెట్టుకోవచ్చు, కానీ కట్టే మనిషి రేపు లేకపోతే ఆ ఖాతా సంగతి ఇంట్లోవాళ్లకి తెలియదు. అందుకని ఇంట్లోనే, దొంగ చెయ్యి పడని చోట ఒక నకలు ఉండాలని గట్టిగా అనుకున్నాను.

పెట్టె ఏదో వెతికే ముందు తాళం సంగతి చూసుకున్నాను. ఎంత బాగా దాచినా ఏదో ఒక రోజు ఎవరో ఒకరి చేతికి అది చిక్కుతుందని లెక్క వేసుకోవాలి. పొలం కాగితాల మీద సంతకాలు, వేలిముద్రలు, నంబర్లు అన్నీ ఉంటాయి. ముక్కూమొహం తెలియనివాడు పెన్‌డ్రైవ్ గుచ్చగానే అవి కనబడకూడదు. నా కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ హోమ్ ఎడిషన్. విండోస్ వాళ్లదే బిట్‌లాకర్ అని పాస్‌వర్డ్ తాళం ఒకటుంది. అది వేసిన పెన్‌డ్రైవ్‌ని హోమ్ ఎడిషన్‌లో తెరవచ్చు గానీ, కొత్తగా తాళం వేయడం కుదరదు. అందుకని అదే పని చేసే వెరాక్రిప్ట్ అనే ప్రోగ్రాం తీసుకున్నాను. ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. ఇదివరకు ట్రూక్రిప్ట్ అని ఒకటి ఉండేది. దాన్ని రాసినవాళ్లు 2014 మేలో ఆపేశారు. వెరాక్రిప్ట్ ఆ కోడ్ మీద కట్టినదే.

పెన్‌డ్రైవ్ మీద ఒక పెద్ద ఫైలు తయారు చేస్తే అదే లోపల బీరువా అవుతుంది. పాస్‌వర్డ్ కొట్టగానే కంప్యూటర్‌లో ఇంకో డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, మూసేస్తే అర్థంలేని అంకెల గుట్ట. ఇక్కడ ఒక చిక్కు ఉంది. చాలా పెన్‌డ్రైవులు ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఉంటాయి, అందులో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు. ముందే ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేసుకోవాలి. పాస్‌వర్డ్ 20 అక్షరాలకి తక్కువైతే వెరాక్రిప్ట్ హెచ్చరిస్తుంది, ఆ మాట వినడం మంచిది. వేమన పద్యం, సుమతీ శతకం లాంటివి ఇంగ్లీషు అక్షరాల్లో కొడదామని చాలామందికి తోస్తుంది గానీ, అవి అందరి నోళ్లలో ఉన్నవే. నేను మా ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ అర్థం కాని ఒక వాక్యం పెట్టాను. మా చిన్నప్పటి ఇంటి మాట అది, మా ఆవిడకీ పిల్లలకీ తెలుసు. తాళం వేసిన ఫైలు పక్కనే వెరాక్రిప్ట్ ఇన్‌స్టాలర్ కూడా పెట్టాను. రేపు ఇంకొకరి కంప్యూటర్‌లో తెరవాలంటే ఆ ప్రోగ్రాం కోసం వెతుక్కోనక్కర్లేదు.

పెన్‌డ్రైవ్ కొనేటప్పుడు కూడా జాగ్రత్త ఉండాలి. మరీ చవగ్గా వచ్చేవాటిలో 64 జీబీ అని రాసి లోపల అందులో సగం కూడా లేనివి తిరుగుతుంటాయి. కాపీ చేస్తే అన్నీ ఎక్కినట్టే కనబడతాయి. తెరిస్తే గానీ పాడైనట్టు తెలియదు. హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న జర్మన్ ప్రోగ్రాం ఉంది. అది డ్రైవ్‌ని మొదటినుంచి చివరి వరకు నింపి, రాసింది రాసినట్టు ఉందో లేదో తిరిగి చదివి చూస్తుంది. గంటల తరబడి పడుతుంది. కానీ నాన్నగారి గొంతు పెట్టబోయే వస్తువుకి ఆ మాత్రం సమయం ఇవ్వాలనిపించింది.

రెండో సంగతి, లోపలి నిర్మాణం. పాత పెన్‌డ్రైవ్ ఒకటి పనికిరానిది ఉంటే ప్లాస్టిక్ తొడుగు విప్పి చూశాను. ఒక చిన్న సర్క్యూట్ బోర్డు, దానికి అతికించిన మెమరీ చిప్, కంట్రోలర్ చిప్, 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, ముందు టంకం పెట్టిన యూఎస్‌బీ మూతి. బోర్డు రకంలో ఈ టంకం అతుకులే బలహీనం, పక్కకి వంగితే విరుగుతాయి. దాచడానికి చోటు కలిసొస్తుందని తొడుగు తీసేసి బోర్డు మాత్రం పెట్టేవాళ్లు ఉన్నారు, నాకు అది నచ్చలేదు. ఇప్పుడు వచ్చే పొట్టి రకాల్లో మెమరీ, కంట్రోలర్ అన్నీ ఒకే నల్ల పలకలో పోతపోసి ఉంటాయి, అతుకులు ఉండవు. లోహపు తొడుగున్న అలాంటిది ఒకటి తీసుకున్నాను. యూఎస్‌బీ మూతి వెడల్పు 12 మిల్లీమీటర్లు, మందం 4.5. లోహపు తొడుగున్న మూతి అంతకంటే చిన్నది ఉండదు కాబట్టి, దాచే పెట్టెకి ఆ కొలతే కొలబద్ద.

ఇక అసలు ప్రశ్న, ఎందులో? ఈ పనిలో నాకు ఎక్కువ ఆలోచన పట్టింది ఇక్కడే.

అందరికీ ముందు తట్టేది వంటిల్లు. పోపుల డబ్బాలో, బియ్యం డబ్బాలో డబ్బులు దాచడం మన ఆడవాళ్లకి తరతరాల అలవాటు. ఆ సంగతి దొంగలకీ బాగా తెలుసు. అన్నయ్య వాళ్లింట్లో బియ్యం డబ్బా నేలమీద బోర్లించి ఉంది, పప్పుల డబ్బాలన్నిటి మూతలూ తీసి ఉన్నాయి. కాబట్టి వంటిల్లు మన ఇళ్లలో దాచడానికి అన్నిటికంటే చెడ్డచోటు. పైగా ఉప్పు తేమని లాక్కుని లోహాన్ని తినేస్తుంది. ఇంగువలో గంధకం ఉంటుంది, అది వెండినీ రాగినీ నల్లబరిచే గుణం ఉన్నది. దేవుడి గది కూడా వద్దనుకున్నాను. వెండి కుందుల కోసం, కుంకుమ భరిణె కోసం దొంగ చెయ్యి మొదట పోయేది అటే.

బాత్‌రూంలో షేవింగ్ క్రీం ట్యూబు బాగుంటుందని ఒక స్నేహితుడు అన్నాడు. కానీ రోజూ వేడినీళ్ల ఆవిరి. ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీసిన ప్రతిసారీ చెమ్మ పడుతుంది. పౌడరు డబ్బాలో పౌడరు సన్నగా లోపలికి చేరి మూతిలోని బంగారు రేకుల మీద కూర్చుంటుంది. ప్రతి తెలుగింట్లోనూ ఉండే అమృతాంజనం సీసా గురించి కూడా ఆలోచించాను. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో మొదలుపెట్టిన మందు, ఇప్పటికీ మా అమ్మ దిండు పక్కన ఉంటుంది. కానీ సీసా చిన్నది, గాజులోంచి లోపల కనబడుతుంది. కర్పూరం, నీలగిరి తైలం లాంటి ఘాటు నూనెలు కొన్ని ప్లాస్టిక్కులని మెత్తబరుస్తాయి కూడా. ఆన్‌లైన్‌లో కూల్‌డ్రింక్ డబ్బాలా కనబడే రహస్య పెట్టెలు అమ్ముతారు. అందరికీ ఒకే నమూనా అమ్ముతున్నప్పుడు అది ఇంకేం రహస్యం? అదీకాక మా ఇంట్లో ఎవరూ కూల్‌డ్రింక్ డబ్బా తెచ్చి అలమారలో అలంకారంగా పెట్టరు. మా ఇంటికి నప్పని వస్తువు మా ఇంట్లో ఎత్తి చూపినట్టే ఉంటుంది.

ఇలా కొట్టేస్తూ పోతే చివరికి నిలబడింది ఫెవికాల్ డబ్బా. 1959 నుంచి ఈ దేశంలో చెక్కపని చేసే ప్రతి చోటా ఉన్నది అది. ఆ ఏనుగుల బొమ్మ చూడగానే లోపల ఏముందో ఎవరూ మూత తీసి చూడక్కర్లేదు. మూత తీసినా, ఎండిపోయిన ఫెవికాల్ అంత పనికిరానిది ఇంకోటి ఉండదు. దొంగకి వద్దు, పనిమనిషికి వద్దు, పక్కింటివాళ్లు అరువు అడిగినా ఎండిపోయింది అంటే చాలు. తలుపులు చేయించినప్పుడు మిగిలిన ఎస్‌హెచ్ రకం డబ్బా, తెల్లటి ప్లాస్టిక్‌ది, స్టోర్ గదిలో ఉంది. ప్లాస్టిక్ మందంగా ఉంది, ట్యూబులైటుకి ఎదురుగా పట్టి చూసినా లోపలి నీడ కనబడలేదు. అదే తీసుకున్నాను.

డబ్బా కడగడం పెద్ద పని కాదు. తడిగా ఉన్న ఫెవికాల్ నీళ్లలో కలిసిపోతుంది. గోడలకి ఎండిపోయినది గోరువెచ్చని నీళ్లలో నానబెడితే పొరలు పొరలుగా ఊడుతుంది. ఆ ప్లాస్టిక్‌కి ఫెవికాల్ గట్టిగా పట్టుకోదు, అందుకే దాన్ని అలాంటి డబ్బాల్లో పోస్తారు. మూతి దగ్గర, మెడ దగ్గర ఉన్న పాత మరకలని మాత్రం కావాలనే వదిలేశాను. బయట లేబుల్ మీద ఉన్న రంగు చుక్కలు కూడా తుడవలేదు.

నేను కట్టుకున్న పథకం ఇది. డబ్బా అడుగున ఒక ఖాళీ. దాని మీద ఎండిన ఫెవికాల్ బిళ్ల. మూత తీస్తే బిళ్ల మాత్రమే కనబడాలి, బిళ్ల ఎత్తితే కింద పెన్‌డ్రైవ్ ఉండాలి. బిళ్లని నిలబెట్టడానికి రెండంగుళాల పీవీసీ పైపు ముక్కని హ్యాక్సా బ్లేడుతో కోసి, అంచులు ఎమరీ పేపరుతో నున్నగా చేసి, డబ్బా అడుగున మధ్యలో గ్లూ గన్‌తో అతికించాను. పైపు లోపల మాత్రల సీసా ఒకటి నిలబడుతుంది. తిప్పి బిగించే మూత ఉన్న సీసా, లోపల గాలి ఆడదు. పెన్‌డ్రైవ్ ఆ సీసాలో ఉంటుంది.

బిళ్ల చేయడానికి ఐస్‌క్రీం డబ్బా మూత తీసుకుని, కంపాస్‌తో గుండ్రంగా గీసి కత్తిరించాను. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. డబ్బా మూతి ఇరుకు, పొట్ట వెడల్పు. మూతిలోంచి పట్టే బిళ్ల లోపలికి వెళ్లాక గోడలకి ఆనదు, చుట్టూ సందు మిగులుతుంది. గోడలకి ఆనేంత పెద్దది చేస్తే బయటికి రాదు. దీనికి జవాబు ఫెవికాల్ స్వభావంలోనే దొరికింది. అది ఎండేకొద్దీ నీళ్లు పోయి కుంచించుకుపోతుంది, గోడలనుంచి విడిపోయి మధ్యకి జరుగుతుంది. నిజంగా ఎండిపోయిన ఏ డబ్బాలో చూసినా గట్టిపడిన ముద్ద చుట్టూ సందు ఉంటుంది. కాబట్టి ఆ సందు నాకు అడ్డం కాలేదు, పైగా వేషానికి నప్పింది.

ఫెవికాల్ తెల్లగా ఉండేది తడిగా ఉన్నంతసేపే. ఎండితే పసుపు ఛాయలో పారదర్శకంగా అయిపోతుంది. కింద ఉన్న ఐస్‌క్రీం మూత, దాని మీద అచ్చు వేసిన అక్షరాలు దానిలోంచి కనబడతాయి. అందుకని వడ్రంగులు చేసే పనే చేశాను. తలుపు చట్రంలో పగుళ్లు, మేకు గుంతలు పూడ్చడానికి వాళ్లు ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి ముద్ద చేసి పెడతారు. అదే ముద్దని బిళ్ల మీద మొదటి పొరగా వేశాను. ప్లాస్టిక్ మీద నిలవదు కాబట్టి ముందు బిళ్లని ఎమరీ పేపరుతో గీకి, చిల్లులు పొడిచి, పాత పంచె గుడ్డ ముక్క చుట్టి దాని మీద ముద్ద రాశాను. గుడ్డ ఫెవికాల్‌ని పీల్చుకుని చెక్కముక్కలా బిగిసింది. దాని మీద ఉట్టి ఫెవికాల్ పలచగా పోశాను. ఒకేసారి మందంగా పోస్తే పైన తోలు కడుతుంది, లోపల నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది. ఒక పొర తెలుపు పూర్తిగా పోయి గాజురంగు వచ్చాకే ఇంకో పొర. మధ్యలో కాస్త గుంటగా, అంచులు పైకి లేచినట్టుగా ఎండింది. నేను చేయని పని, దానంతటదే చేసుకుంది.

బిళ్లని ఎత్తడానికి పిడి కావాలి కదా. వడ్రంగులు ఫెవికాల్ రాయడానికి ఒక పుల్లనో, అరిగిపోయిన బ్రష్షునో డబ్బాలోనే వదిలేస్తారు. అది అలాగే ముద్దలో ఇరుక్కుపోయి ఎండుతుంది. ఆఖరి పొర పచ్చిగా ఉండగానే ఒక ఐస్‌క్రీం పుల్లని ఏటవాలుగా గుచ్చి, అడుగు బిళ్ల చిల్లులోంచి దూర్చి కింద చిన్న మేకుతో బిగించాను. పుల్ల పట్టుకుని లాగితే బిళ్ల మొత్తం లేస్తుంది. చూసేవాడికి అది ఎవడో వడ్రంగి మర్చిపోయిన పుల్ల. నాకు ఈ మొత్తం పనిలో బాగా తృప్తినిచ్చిన భాగం ఇదే.

బరువు, చప్పుడు కూడా చూసుకోవాలి. డబ్బా చేతిలోకి తీసుకుంటే సగం గట్టిపడిన ఫెవికాల్ ఉన్నంత బరువు తగలాలి, ఊపితే లోపల ఏదీ గలగలలాడకూడదు. పైపుకీ గోడకీ మధ్య ఖాళీలో ఇసుక పెట్టాను. మాది కాకినాడ, సముద్రం ఇసుక దొరకడం తేలిక గానీ అందులో ఉప్పు ఉంటుంది. అందుకని ఇల్లు కట్టుకుంటున్నవాళ్ల దగ్గర గోదావరి ఇసుక కాస్త అడిగి తెచ్చి, కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, పొడుగాటి పాలిథిన్ కవరులో పోసి కొవ్వొత్తి మంట మీద అంచు అతికించి పైపు చుట్టూ చుట్టాను. మాత్రల సీసాలో పెన్‌డ్రైవ్ కదలకుండా దూది కుక్కాను.

తొందరపడకూడని చోటు ఒకటుంది. ఫెవికాల్ లాంటి బంకలు పాలీవినైల్ ఎసిటేట్‌తో చేసేవి. ఎండుతున్నప్పుడు మూత తీస్తే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తుంది. ఆ ఆమ్లపు ఆవిరి లోహానికి మంచిది కాదు. మూసిన డబ్బాలో పక్కనే పెన్‌డ్రైవ్ పెట్టి మూత బిగిస్తే అది దాన్నే పీల్చుకుంటూ కూర్చుంటుంది. అందుకని బిళ్లని బయట, గాలి తగిలేచోట, ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన ఏమీ రానంతవరకు వదిలేశాను. ఆ తర్వాతే లోపల పెట్టాను. మాత్రల సీసా మూత బిగువుగా ఉండాలనడానికి కూడా ఇదే కారణం. అందులో సిలికా జెల్ పొట్లం ఒకటి వేశాను. నీలం గుళికల రకం అయితే మేలు, తేమ పీల్చుకుని నిండిపోగానే గులాబీ రంగుకి తిరుగుతాయి, చూడగానే మార్చాలని తెలుస్తుంది. మా ఊరి ఉప్పుగాలికి గేటు గొళ్లేలే నిలవవు, కాబట్టి ఇది వదిలేయదగ్గ జాగ్రత్త కాదు.

డబ్బా పెట్టే చోటు గురించి కూడా ఒక మాట. పనిముట్ల పెట్టెలోనే పెట్టాలనిపిస్తుంది. కానీ బీరువా తెరవడానికి దొంగలు మన ఇంట్లో స్క్రూడ్రైవరే వెతికి వాడతారు. డ్రిల్లింగ్ మిషన్ ఉంటే దాన్ని పెట్టెతో సహా తీసుకుపోతారు. అందుకని పాత పెయింటు డబ్బాలు, గట్టిపడిన బ్రష్షులు, సగం వాడిన ఎమరీ పేపర్లు ఉన్న అట్టపెట్టెలో, స్టోర్ గది కింది అరలో పెట్టాను. అటక మీద పెట్టలేదు. మేలో స్లాబు కింద అటక కొలిమిలా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో సమాచారం విద్యుదావేశం రూపంలో నిలిచి ఉంటుంది, వేడి ఎక్కువయ్యేకొద్దీ అది త్వరగా జారిపోతుంది.

తర్వాత గుమ్మం తలుపు పట్టేస్తుంటే వడ్రంగిని పిలిచాం. తలుపు అంచు చిత్రిక పట్టాక చిన్న చెక్క అతకాల్సి వచ్చింది. నేను లోపల ఉండగా అతనే స్టోర్ గదిలోకి వెళ్లి అట్టపెట్టె వెతికాడు. నేను వచ్చేసరికి డబ్బా మూత తీసి, పుల్లని వేలితో అటూ ఇటూ కదిపి చూస్తున్నాడు.

"ఎండిపోయిందండి ఇది. రాయిలా ఉంది. కొత్తది చిన్నది తెప్పించండి," అన్నాడు.

"సరేనయ్యా, ఇప్పుడే తెప్పిస్తా," అన్నాను.

అతను మూత పెట్టి పక్కన పడేశాడు. రోజూ ఫెవికాల్‌తోనే పనిచేసే మనిషి వేలు పెట్టి చూసి కూడా అనుమానపడలేదంటే ఇక దొంగ సంగతి నేను ఆలోచించనక్కర్లేదు.

ఆలోచించాల్సింది ఇంట్లోవాళ్ల సంగతి. దసరా ముందు బూజులు దులిపేటప్పుడు మా ఇంట్లో స్టోర్ గది మొత్తం బయటికి వస్తుంది. ఎండిపోయిన ఫెవికాల్ డబ్బా కనబడితే ఏ ఇల్లాలైనా మొదట చేసే పని దాన్ని పాత సామాన్లవాడి సంచిలో వెయ్యడం. వేషం ఎంత బాగా కుదిరితే ఈ ప్రమాదం అంత ఎక్కువ. పైగా నేను ఒక్కడినే గుట్టుగా పెట్టుకుని రేపు నాకేమైనా అయితే, నాన్నగారి గొంతు ఆ డబ్బాతో పాటు చెత్తలోకే పోతుంది. అందుకని మొదటి రోజే మా ఆవిడకి, పెద్దమ్మాయికి డబ్బా చూపించి, బిళ్ల ఎత్తి చూపించాను.

"ఇంతోటిదానికి ఫెవికాల్ డబ్బాయే దొరికిందా మీకు? రేపు నేను పారేస్తే?" అంది మా ఆవిడ.

ఆవిడ అన్నదే సరైన ప్రశ్న కాబట్టి ఆవిడ చేతే జవాబు చెప్పించాను. డబ్బా అడుగున బయటివైపు ఆవిడే నెయిల్‌పాలిష్‌తో ఒక చిన్న చుక్క పెట్టింది. మా ఇంట్లో స్టీలు గిన్నెలు చుట్టాలింటికి వెళ్లినప్పుడు కలిసిపోకుండా ఆవిడ పెట్టే చుక్కే అది. ఆ చుక్క ఉన్నది ఏదీ ఆవిడ పారెయ్యదు, ఎవరినీ పారెయ్యనివ్వదు. చోటు ఆవిడకి, అమ్మాయికి తెలుసు. పాస్‌వర్డ్ వాక్యం వాళ్లిద్దరికీ నోటికి వచ్చు, కానీ అందులో ఎక్కడ అంకెలు, ఎక్కడ పెద్ద అక్షరాలు అన్నది కాగితం మీద రాసి వేరే ఊళ్లో మా తమ్ముడి దగ్గర కవర్లో పెట్టాను. ఆ కవరు దొరికినవాడికి వాక్యం తెలియదు, డబ్బా దొరికినవాడికి కవరు ఉందని తెలియదు.

అంతటితో ఆపకుండా నేను పక్కన లేకుండా తెరవగలరో లేదో కూడా చూశాను. అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడు తన లాప్‌టాప్‌లో తెరవమని చెప్పి నేను బజారుకి వెళ్లాను. వెరాక్రిప్ట్ ఇన్‌స్టాల్ చేయడానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడిగింది. అది ఆఫీసు లాప్‌టాప్ కాబట్టి తనకి ఆ అనుమతి లేదు. చివరికి మా ఇంటి కంప్యూటర్‌లోనే తెరిచింది. ఆ సంగతి అప్పుడు బయటపడటం మంచిదైంది. ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో తాళం వేయని చోట ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టాను, ఆఫీసు కంప్యూటర్‌లో కాకుండా సొంత కంప్యూటర్‌లో తెరవమని, ఏ వరసలో ఏం నొక్కాలో తెలుగులో రాసి. పాస్‌వర్డ్ ఊసు మాత్రం అందులో లేదు.

పెట్టేసి మర్చిపోయే వస్తువు కాదిది. ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా పడి ఉన్న పెన్‌డ్రైవ్‌ని నమ్మకూడదు. ప్రతి దసరాకీ ఆయుధపూజ రోజు తీస్తాను, స్టోర్ గది ఎలాగూ శుభ్రం చేస్తాం కాబట్టి. తాళం వేసిన ఫైలుని విండోస్‌లోని సర్ట్‌యుటిల్ అనే ఆదేశంతో చదివించి, వచ్చే షా-256 సంఖ్యని నా డైరీలో రాసుకున్న సంఖ్యతో పోలుస్తాను. ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య మొత్తం మారిపోతుంది. వెరాక్రిప్ట్‌లో రాసే అవకాశం లేకుండా, చదవడానికి మాత్రమే అన్న పద్ధతిలో తెరిస్తే ఫైలు మారకుండా ఉంటుంది. కొత్త ఫొటోలు చేర్చితే సంఖ్య కొత్తగా రాసుకోవాలి. సిలికా జెల్ రంగు చూసి మారుస్తాను. కొన్నేళ్లకోసారి పెన్‌డ్రైవ్‌నే కొత్తది కొని మొత్తం అందులోకి ఎక్కించాలనుకుంటున్నాను, వాటి ధర ఇప్పుడు పెద్ద లెక్కలోది కాదు.

దీన్ని చూసి ఇంకెవరైనా చేద్దామనుకుంటే రెండు సంగతులు. ఇలాంటి డబ్బాని విమానంలో పట్టుకెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు. ఎక్స్‌రేలో జిగురు డబ్బా అడుగున ఎలక్ట్రానిక్ వస్తువు కనబడితే భద్రతా సిబ్బంది ఆపుతారు, ఆపాలి కూడా. ఇక, దొంగ నుంచి కాపాడే డబ్బా నిప్పు నుంచి, వరద నుంచి కాపాడదు. అందుకే తాళం వేసిన ఆ ఫైలే ఇంకో నకలు తమ్ముడి ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో ఉంది. ఊరెళ్లేటప్పుడు తాళం వేసిన ఇళ్ల మీద నిఘా కోసం పోలీసులు పెట్టిన ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో చెప్పి ఇంట్లో కెమెరా పెట్టించుకునే ఏర్పాటు కూడా మా దగ్గర ఉంది, దాన్ని వాడుకోవడం మానను.

ఈ మధ్య అన్నయ్య వచ్చి డబ్బా చూశాడు. బిళ్ల ఎత్తి, కింద పెట్టి, మళ్లీ ఎత్తాడు. తనకీ ఒకటి చేసిపెట్టమన్నాడు. పోయినవి రాకపోయినా, చుట్టాల ఫోన్లలోంచి, పెళ్లి ఫొటోగ్రాఫర్ల దగ్గర్నుంచి పిల్లల ఫొటోలు కొన్ని వదిన సేకరించింది, వాటినైనా భద్రంగా పెట్టుకోవాలి. కానీ వాళ్లది మూడో అంతస్తులో అద్దె ఫ్లాటు. చెక్కపని లేదు, పెయింటు డబ్బాలు లేవు, ఫెవికాల్ డబ్బా ఆ ఇంట్లో కొత్తగా కనబడుతుంది. వదినకి కుట్టుమిషన్ ఉంది. బొత్తాలు, హుక్కులు, సూదులు, రంగురంగుల దారపు రీళ్లు వేసుకునే పాత బిస్కెట్ల రేకుడబ్బా ఒకటి ఆ మిషన్ కిందే ఎప్పుడూ ఉంటుంది. దాని అడుగున బొత్తాలు అతికించిన పలకతో దొంగ అడుగు చేస్తే ఎలా ఉంటుందని ఇప్పుడు కొలతలు తీస్తున్నాను. రేకుడబ్బా కాబట్టి తుప్పు సంగతి ముందు చూడాలి. బొత్తాలు ఏ రంగువి అతికించాలో మాత్రం వదినే చెప్పాలి, ఆ డబ్బాలోంచి రోజూ తీసుకునేది ఆవిడే.